సముద్రమట్టం లెక్క ఎవరి సొత్తు?

పోర్ట్ బ్లెయిర్‌లోని మిడిల్ పాయింట్‌లో చదువుకొనే ఒక విద్యార్థికి, "మా ఊరి దగ్గర సముద్రమట్టం ఏటా ఎంత పెరుగుతోంది?" అనే సందేహం కలిగిందనుకుందాం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ పట్టణంలో ఆటుపోట్ల నమోదు 19వ శతాబ్దంలోనే మొదలైంది. కొలతలు తీసింది ప్రభుత్వం, ఖర్చు ప్రజలది. మరి ఆ అంకెలు అడిగినవారికి తేలికగా అందాలి కదా!

అందితే ఏమవుతుందో చూద్దాం. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చి సునామీ పుట్టింది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న 8 టైడ్ గేజిలు ఆ అలలను నమోదు చేశాయి. వాటిలో పోర్ట్ బ్లెయిర్‌ది ఒకటి. ఆ వివరాలు 1883లో అచ్చయ్యాయి. వాటి ఆధారంగానే ఓర్టిజ్, బిల్‌హామ్ అనే శాస్త్రజ్ఞులు ఆ భూకంప తీవ్రత 7.9 అని 2003లో అంచనా కట్టారు. నాటి అలల గరిష్ఠ ఎత్తు 0.8 మీటరు మాత్రమే. మరుసటి ఏడాదే, 2004 డిసెంబరు 26న, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద సునామీ వచ్చింది. పాత కొలతలకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. 1883లో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటే ఈ పరిశోధనకు ఆధారమే ఉండేది కాదు.

మన దేశం 2012లో జాతీయ దత్తాంశ పంపిణీ విధానాన్ని ప్రకటించింది. ప్రజాధనంతో సేకరించిన, రహస్యం కాని సమాచారాన్ని కంప్యూటరు చదవగలిగే రూపంలో ఇవ్వాలన్నది దాని సారాంశం. ఇది మెచ్చుకోదగినదే. అయితే ఏది ఇవ్వకూడదో జాబితా తయారుచేసే పని ఆయా శాఖలకే వదిలారు. తాళం వేసేవారే తాళంచెవి కూడా ఉంచుకుంటే తలుపు తెరుచుకొనేది ఎప్పుడు? అండమాన్ దేశరక్షణకు కీలకమైన ప్రాంతమే, కాదనలేం. కాని దాచిన ప్రతి దత్తాంశానికీ కారణమూ, గడువూ చెప్పాలి.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. అంకెలు ఇచ్చినంత మాత్రాన సరిపోతుందా? టైడ్ గేజి సముద్రాన్ని నేలతో పోల్చి కొలుస్తుంది. 2004 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ పరిసరాల నేల సుమారు 1 మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. అదే సమయంలో ఉత్తర అండమాన్ తీరం కొంత పైకి లేచింది. ఈ సంగతి రాయకుండా వట్టి అంకెలు ఇస్తే, మన విద్యార్థి సముద్రం ఒక్కరోజులో మీటరు పెరిగిందని పొరబడతాడు. పరికరం ఎప్పుడు మార్చారు, ఏ గుర్తు నుంచి కొలిచారు, ఏయే రోజుల లెక్క లేదు అన్న వివరణ అంకెల పక్కనే ఉండాలి. ఫైళ్ల సంఖ్య పెంచడం తేలిక. ఈ వివరణ రాయడానికే శ్రమ, నిధులు, శిక్షణ పొందిన మనుషులు కావాలి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రంలో తేలుతూ కొలతలు తీసే ఆర్గో పరికరాల సమాచారం ప్రపంచమంతటా ఉచితంగా దొరుకుతోంది. అంటే దారి మనకు తెలియనిది కాదు. తీరంలోని గేజిల లెక్కలు కూడా అదే దారిన, వివరణతో సహా, విద్యార్థుల చేతికి రావాలి. రేపటి ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది వారిలో ఒకరు కావచ్చు.