ఐసుకీ బరువుంది

పామర్రు నాలుగు రోడ్ల సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు, డెల్టా పంటంతా మన ముందు నుంచే పోతుంది. గుడివాడ రోడ్డున కైకలూరు చేపలు, చల్లపల్లి వైపు నుంచి ధాన్యం, కోతలయ్యాక మినుములు, బందరు నుంచి సముద్రపు సరుకు. లారీల సంగతి అటుంచండి, నా చూపెప్పుడూ చిన్న బళ్ళ మీదే. ఏస్, దోస్త్, బొలెరో పికప్. ఏది ఆగినా ముందు వెనక టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదువుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారనుకోండి. సినిమా పోస్టర్లు చదివేవాళ్ళని చూసి మాత్రం ఎవరూ నవ్వరు.

టైరు షాపులో బేరం ఎప్పుడూ ఒక్కచోటే మొదలవుతుంది. "బాబాయ్, ఎయిట్ పీఆరా, సిక్స్ పీఆరా?" అంటాడు కుర్రాడు. "గట్టిది వెయ్యరా" అంటాడు ఓనరు. అక్కడితో టైరు ఎంపిక అయిపోతుంది. పీఆర్ అంటే ప్లై రేటింగ్, పొరల లెక్క. ఒకప్పుడు టైరు లోపల నూలు పొరలు వేసేవాళ్ళు. ఎన్ని పొరలుంటే అంత మోస్తుందని లెక్క. ఇప్పుడు నైలాను, పాలిస్టరు, ఉక్కు తీగలు వచ్చాక 8పీఆర్ టైరులో ఎనిమిది పొరలేమీ ఉండవు. అది పాత బలానికి సమానమని చెప్పే గుర్తు మాత్రమే. అసలు మోత చెప్పేది దాని పక్కనుండే ఇంకో అంకె. 185 ఆర్14 ఎల్‌టీ 8పీఆర్ అని ఉన్నచోటే 102/100 అనీ ఉంటుంది. దాన్ని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ 102 కిలోలు కాదు, పట్టికలో ఒక మెట్టు. ఒక పక్క ఒకే టైరు ఉంటే 850 కిలోలు మోస్తుందని దాని అర్థం. గీత తర్వాతి 100 అంటే 800 కిలోలు, జోడు టైర్లు వేసిన బండికి. మెట్టు మెట్టుకీ సుమారు మూడు శాతం పెరుగుతుంది. 106కి 950, 108కి సరిగ్గా వెయ్యి. మన పికప్పుల్లో ఎక్కువవాటికి వెనక జోడు ఉండదు కాబట్టి మొదటి అంకే మనది.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఆర్‌సీలో లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు అనుకోండి. నాలుగు టైర్లు, తలా 850, మొత్తం 3,400. ఇంకా నాలుగొందలు మిగులుందిగా అంటారు. బరువు నాలుగు చక్రాలకీ సమానంగా పంచుకుంటే ఆ మాట నిజమే. కానీ లోడెత్తిన పికప్‌లో మూడింట రెండొంతులు వెనక్కే పోవచ్చు. అంటే 2,000 కిలోలు రెండు టైర్ల మీద, టైరుకి వెయ్యి. 102 చాలదు, 106 కూడా చాలదు, 108 కావాలి. ముందు టైర్లు ఆ సమయంలో హాయిగా ఉంటాయి. వాటి మిగులు వెనకవాటికి అప్పు దొరకదు.

పైగా ఆ 3,000 అన్నది కాగితం మీది మాట. మన దగ్గర సరుకుని అమ్మే బరువులోనే చెబుతారు. "టన్ను చేప వేశాం" అంటారు. దూరం పోయే చేప మీద దాదాపు చేపంత ఐసు పోస్తారు. ట్రేలున్నాయి, తాడూ పట్టా ఉన్నాయి, పైన కూర్చున్న ఇద్దరు మనుషులున్నారు. ధాన్యమైతే బస్తా 75 కిలోలు, ఇరవై బస్తాలు అంటే 1,500. కోత మిషన్ వెనకాలే ఎత్తిన పచ్చి ధాన్యమైతే అదే బస్తా ఇంకా తూగుతుంది. తేమ పేరు చెప్పి మిల్లులో తరుగు తీస్తారుగానీ టైరు ఏ తరుగూ తియ్యదు.

లోడుకి బండి వెనక కుంగితే మనవాళ్ళు చేసే మొదటి పని కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించడం. ఆ పనంటే నాకు ఒళ్ళుమంట. కుంగడం అనేది బండి మనకు చెప్పే ఒకే ఒక్క మాట. పట్టీ వేశాక బండి నిటారుగా నిలబడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టైరు మాత్రం మునుపటిదే. దాని మోత గ్రాము కూడా పెరగలేదు.

ఇంకోటి గాలి. మోసేది రబ్బరు కాదు, లోపలి గాలే. టైరు మీద రాసిన 850 కూడా చెప్పినంత గాలి ఉంటేనే. పైన చెప్పిన 185 ఆర్14 8పీఆర్ టైరుకి అది 65 పీఎస్ఐ. మన డ్రైవర్లలో ఒక నమ్మకముంది, రోహిణి కార్తెలో గాలి ఎక్కువుంటే పేలుతుందని ముందే కాస్త వదిలేస్తారు. జరిగేది తలకిందులు. గాలి తగ్గితే టైరు పక్కలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ వంగుతాయి, వంగేకొద్దీ లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి ఉక్కు బెల్టు దగ్గర రబ్బరు అంటు వదులుతుంది. వేగం కలిస్తే ఇంకా త్వరగా. బందరు రోడ్డు నాలుగు వరుసలయ్యాక లోడు పికప్పులు కూడా ఎనభైకి తగ్గడం లేదు. గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు.

గాలి, వేడి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళవి. పరుగులో ఉండగానే పై పొర ఊడిపోయి బళ్ళు బోల్తా కొట్టాయి. తయారీ లోపం సంగతి ఒకటైతే, ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్ఐ గాలి మరీ తక్కువని ఇంకో తగాదా. ప్రమాదాలు ఎక్కువ జరిగింది టెక్సాస్, ఫ్లోరిడా లాంటి ఎండ రాష్ట్రాల్లో. ఎండాకాలంలో మన ఊరి ఎండ వాటికేం తీసిపోదు.

ఆ వెనక్కి పిలిచిన టైర్ల కొలత పీ235/75 ఆర్15. ముందు పీ అక్షరం ఉంటే కారు రకం, ఎల్‌టీ ఉంటే చిన్న లోడు బళ్ళ రకం. కారు రకాన్ని పికప్‌కి వేస్తే రాసిన మోతని 1.1తో భాగించాలని అమెరికా ప్రమాణం. 105 అంకె టైరు 925 కిలోలు మోయాల్సింది 840 దగ్గర ఆగిపోతుంది. రేటు తక్కువని కారు టైరు ఎక్కించేవాళ్ళు ఈ తేడాని బిల్లులో వేసుకోరు.

నన్నడిగితే టైరు కొనే ముందు కాటాకి వెళ్ళాలి. మిల్లుల దగ్గర కాటాలకి మనకేం కొదవ? మామూలుగా ఎత్తే లోడు కాదు, సీజన్లో అన్నిటికంటే ఎక్కువ ఎత్తిన రోజున బండిని వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా నిలిపి తూయించండి. వచ్చినదాన్ని రెండుతో భాగించి, పైన కొంత వదులు ఉండే అంకె ఎంచుకోండి. ఆ బరువు యాక్సిల్ పరిమితినే దాటేస్తే అప్పుడు తగ్గించాల్సింది లోడు. పెద్ద అంకె టైరు వేసినంత మాత్రాన బండి పాసింగ్ పెరగదు. యాక్సిలూ బ్రేకులూ రిమ్ములూ పాతవే. 2019 సెప్టెంబరు నుంచి ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000.

ఇంత చేసి వెనకకి రెండు కొత్త టైర్లు కొన్నవాళ్ళు కూడా స్టెప్నీ జోలికి పోరు. ఏ కాలందో చూడాలంటే దాని పక్కన నాలుగంకెలుంటాయి. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారం తయారీ. చాలాసార్లు ఆ స్టెప్నీ, తీసేసిన పాత సిక్స్ పీఆరే అయ్యుంటుంది. అర్ధరాత్రి ముదినేపల్లి దాటాక వెనక టైరు పంక్చరైతే, ఐసు కరిగేలోగా మార్కెట్‌కి చేరాలని లోడు దించకుండా ఎక్కించేది దాన్నే.