కాశీయాత్ర చరిత్ర : మిత్రలేఖ నుంచి ముద్రిత గ్రంథం దాకా

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను సాహిత్య చరిత్రకారులు తొలి తెలుగు యాత్రాగ్రంథాలలో ముఖ్యమైనదిగా గుర్తించారు. సామాజిక చరిత్రకారులు దానిని కుంఫిణీ కాలపు స్థితిగతులకు ఆకరంగా వినియోగించుకొన్నారు. ఈ రెండు దృష్టులలోనూ ఒక మౌలికాంశానికి తగిన ప్రాధాన్యం లభించలేదు. ఈ గ్రంథం పుస్తకంగా పుట్టలేదు. మిత్రునికి పంపిన జాబులుగా పుట్టింది. ఈ లేఖాస్వభావాన్ని విస్మరిస్తే రచనలోని స్వరాన్నీ, వివరాల ఎంపికనూ సరిగా అంచనా వేయలేమన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రీటరుగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న సపరివారంగా బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకొన్నారు. దారిలోని విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య మరణించగా, పిళ్లె ఆ రచనను ఆయన జీవితచరిత్రతో కలిపి 1838లో ముద్రింపజేశారు. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి తిరిగి వెలుగులోకి తెచ్చారు.

యాత్ర తొలిఘట్టంలోనే తిరుపతి వస్తుంది. చెన్నపట్టణవాసికి తిరుపతి తెలియని క్షేత్రం కాదు. అయినా వీరాస్వామయ్య దానిని తెలిసినదిగా వదిలిపెట్టక వర్ణించారు. దీనినిబట్టి జాబు చదివేది పిళ్లె ఒక్కరే కాదని, ఆయన ద్వారా మరికొందరికి అది చేరుతుందనే ఎరుక రచయితకు ఉన్నదని ఊహించవచ్చు. మజిలీల మధ్య దూరాలు, దిగే వసతులు, నీరు, దొరికే సరుకులు మొదలైనవి ఆ ఎరుకకే నిదర్శనాలు. ఇవి రేపు అదే దారిన నడిచేవారికి పనికివచ్చే సమాచారం.

అదే ఘట్టంలో దీనికి భిన్నమైన గుణం కూడా కనిపిస్తుంది. 1801 నుంచి 1843 దాకా తిరుమల ఆలయ నిర్వహణ కుంఫిణీ చేతిలో ఉండేది. సేవలమీద సర్కారుకు చేరే రాబడిని వీరాస్వామయ్య ప్రస్తావించారు. ప్రభుత్వ న్యాయస్థానంలో ఉద్యోగి అయిన వ్యక్తి ఈ సంగతిని దాపరికం లేకుండా రాయడంలో స్నేహమిచ్చిన చనువు ఉంది. ఒకవైపు ఆంతరంగికత, మరొకవైపు లోకోపయోగం. ఈ రెండింటి కలయికే కాశీయాత్ర వచనానికి ప్రాణం.

ఇదే కాలంలో ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్ ‘ఒక యాత్రికుని లేఖలు’ 1834 నుంచి ‘రెవ్యూ దే దు మోండ్’ పత్రికలో వెలువడి, 1837లో గ్రంథరూపం పొందాయి. ఆమె కవి ముస్సే మొదలైన మిత్రులను సంబోధిస్తూనే పత్రికాపాఠకుల కోసం రాశారు. అక్కడ లేఖ ఒక సాహిత్యరూపం. దానిని లోకానికి చేర్చడానికి పత్రిక సిద్ధంగా ఉంది. తెలుగు పత్రిక అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్నందున, ఇక్కడ ఆ బాధ్యతను మిత్రుడే వహించవలసివచ్చింది. 1844లో ‘క్రెసెంట్’ పత్రికను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు చెట్టితో కలిసి పిళ్లె తరువాత ప్రజాకార్యాలలో పాల్గొన్నారు. ఆ ప్రజాజీవితానికి కాశీయాత్ర ముద్రణను పూర్వరంగంగా భావించవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ముందున్నది జాబుల కట్ట కాదు, రచయిత మరణానంతరం మిత్రుడు అచ్చువేయించిన పాఠం. కాబట్టి గ్రంథంలోని ప్రతి లక్షణాన్నీ వీరాస్వామయ్య ఒక్కరికే ఆపాదించడం నిర్దుష్టం కాదు. పిళ్లెను కేవలం ప్రకాశకుడిగా పేర్కొని వదిలివేయడం అంతకన్నా లోపం. ఆయన ఈ రచనకు తొలి పాఠకుడు. ఎవరికి రాస్తున్నామన్న స్పృహే ఏం రాయాలో, ఎంత చనువుగా రాయాలో నిర్ణయించింది. 19వ శతాబ్ది తెలుగు వచన వికాసాన్ని రచయితల పట్టికగా మాత్రమే చూపే పద్ధతికి బదులు, రాసినవారికీ అందుకొన్నవారికీ మధ్య నడిచిన సంబంధంగా పరిశీలించడానికి కాశీయాత్ర చరిత్ర తగిన ఆధారం.