తాళంకప్ప

పోయిన వారం ఒకాయన ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చోకముందే సంచిలోంచి పాత పేపర్లో చుట్టిన తాళంకప్ప తీసి నా బల్ల మీద పెట్టాడు. కొత్తది. అర కిలో ఉంటుంది. ఇంకా నూనె వాసన పోలేదు.

"ఇయ్యాల పొద్దుమీకి ఏసేస్త సార్. మీరు ఊఁ అంటే సాలు."

కిరాయిదారు నాలుగు నెలల కిరాయి బాకీ. ఫోన్ చేస్తే ఎత్తడు, ఇంటికి పోతే లేడని చెప్పిస్తాడు. "ఇల్లు నాది. పన్ను కట్టేది నేను. నా ఇంటికి నేను తాళమేసుకోనీకి కోర్టెందుకు సార్?"

హన్మకొండ అదాలత్‌లో ఇరవై ఏడేళ్లుగా నేను జవాబు చెబుతున్న ప్రశ్న ఇదే. మనిషి మారతాడు, తాళం కంపెనీ మారుతుంది, అంతే.

ఆ తాళం పడిందనుకోండి, మర్నాడు కోర్టుకెక్కేది ఈయన కాదు, కిరాయిదారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షనుంది. చట్టప్రకారం కాకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, వెళ్లగొట్టబడ్డవాడు ఆరు నెలల్లోగా దావా వేసుకోవచ్చు. ఇల్లు ఎవరిదన్న ఊసే ఎత్తకుండా కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పిస్తుంది. బాకీదారు బాధితుడై కూర్చుంటాడు. నీళ్ల మోటారు బంద్ పెట్టడం, కరెంటు ఫ్యూజు పీకడం కూడా తాళానికి అన్నదమ్ములే. ఇదంతా చెప్పాను. ఆయన విన్నాడు గానీ తాళంకప్ప మాత్రం సంచిలోకి పోలేదు.

అగ్రిమెంటు ఉందా అంటే ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు, నాలుగేళ్ల కింద రాసుకున్నది. రిజిస్ట్రేషన్ తప్పుతుందన్న లెక్కతో ఊరందరూ పదకొండే రాస్తారు. గడువు తీరినా ఈయన కిరాయి తీసుకుంటూ పోయాడు, కిరాయిదారు ఇస్తూ పోయాడు. అంటే ఇప్పుడది నెలవారీ కిరాయి కింద లెక్క. మరి రసీదులు? "రసీదులేంది సార్, నమ్మకం మీద నడిచింది." నమ్మకానికి ఎగ్జిబిట్ నంబరు వెయ్యరు. ఫోన్‌పే పుణ్యమా అని ఏ నెల పైసలు పడ్డాయో, ఏ నెల పడలేదో బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతోంది. చేతికి నగదు తీసుకునే పాత యజమానుల కేసుల్లో నేను పడ్డ తిప్పలు పగవాడికి వద్దు.

కిరాయి తొమ్మిది వేలన్నాడు. అయితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోయే పని లేదు. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం తెలంగాణలో ఇంకా బతికే ఉంది. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయల కిరాయి దాటిన కట్టడాలను దాన్నుంచి తప్పించారు. ఇవాళ వరంగల్లో మూడున్నర వేలకు ఇల్లెక్కడుంది? ఇప్పుడక్కడికి పోయేవి ఎక్కువగా తాతలనాటి కిరాయిల దుకాణాలే. ఆ చట్టం కింద ఖాళీ చేయించాలంటే కారణం చూపాలి. కావాలని కిరాయి ఎగ్గొట్టడమో, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అప్పజెప్పడమో, సొంత అవసరమో. "కొడుక్కి షాపు పెట్టాలె" అన్న మాట ఎన్ని అఫిడవిట్లలో టైపు చేయించానో లెక్క లేదు. క్రాస్‌లో ఆ కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడని తేలి తల దించుకున్నదీ నేనే. కిరాయిదార్ల వైపూ వకాలత్ వేశాను కాబట్టి చెబుతున్నా, సొంత అవసరాల్లో సగం కిరాయి పెంచే అవసరాలే.

ఈయనది మాత్రం సివిల్ కోర్టు దారి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్, పదిహేను రోజుల నోటీసు. కిరాయి ముగిస్తున్నామనీ, ఫలానా గడువులోగా ఖాళీ చేసి తాళంచెవులు ఇవ్వమనీ ఒక్క పేజీ. చూడ్డానికి ఇంతే. నా వృత్తిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన పేజీ అదే.

2002 సవరణకు ముందు, నోటీసు గడువు సరిగ్గా కిరాయి నెల ముగిసే రోజుతో ముగియాలి. నేను కోటు వేసుకున్న కొత్తలో కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి వచ్చాడు. ఆయన ఇంట్లో కిరాయి నెల ఐదో తారీఖున మొదలై నాలుగున ముగుస్తుంది. నేను అడగలేదు. నెలాఖరు కదా అని 30 వేయించాను. రెండేళ్లు నడిచాక ఆ తారీఖు మీదే దావా కొట్టేశారు. తీర్పు విని ఆయన నన్నేమీ అనలేదు. కోర్టు మెట్ల మీద కూర్చుని, రెండేళ్లుగా పెట్టె అడుగున దాచుకున్న పోస్టు రసీదు నా చేతిలో పెట్టాడు. సవరణ వచ్చాక గడువును నోటీసు అందిన రోజు నుంచి లెక్కిస్తున్నారు. దావా గడువు తీరాకే వేస్తే, నోటీసులో రోజులు తక్కువ పడ్డాయన్న ఒక్క కారణంతో కొట్టెయ్యరు. అయినా ఇప్పటికీ నోటీసు మీద తారీఖు వేసేటప్పుడు నా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.

నోటీసు పోస్టులో పోతుంది. "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి తిరిగొస్తే మావాళ్లు దిగాలు పడతారు, నేను సంబరపడతాను. సరైన చిరునామాకు పంపింది తీసుకోనంటే అందినట్టే కోర్టు భావిస్తుంది. నాకు గుబులు పుట్టించేది "తలుపు తాళం" అన్న రాతే. నోటీసు పోయాక ఫోన్‌పేలో కిరాయి పడితే నాకు చెప్పకుండా ఉండకండి అని కూడా చెప్పాను. ఊరుకుంటే, నోటీసు వదులుకున్నారని అవతలి వకీలు వాదన అల్లుతాడు.

ఆ తర్వాత ఏడాది కిరాయి మీద కోర్టు ఫీజు, సమన్లు, రాతపూర్వక జవాబు, వాయిదాలు. తొందరగా తెగింది నా చేతిలో పద్నాలుగు నెలలు. అప్పీళ్లతో కలిపి తొమ్మిదేళ్లు ఈడ్చినదీ ఉంది. డిక్రీ వచ్చినా దాని అమలుకు ఈపీ వేయాలి, కోర్టు అమీను డెలివరీ వారెంటు పట్టుకుని రావాలి. అందుకే నేను మధ్యలో లోక్ అదాలత్ వైపు చూస్తుంటాను. బాకీ కొంత వదులుకో, ఆర్నెల్లలో ఖాళీ చెయ్యి, ఇద్దరూ సంతకాలు పెట్టండి అని.

అక్కడా ఒకసారి దెబ్బ తిన్నాను. రాజీ అయింది, సామాను ఆటో ఎక్కింది. చివర్లో హాల్లో తిరుగుతున్న ఫ్యాను దగ్గర గొడవ మొదలైంది. నేను బిగించుకున్నానని ఒకరు, నా ఇంటితో వచ్చిందని ఒకరు. మెమోలో ఫ్యాను మాటే లేదు. తాళంచెవులు ఇంకో ఇరవై రోజులు చేతులు మారలేదు.

వకాలత్ మీద సంతకం పెడుతుంటే గాలికి కాగితం లేచింది. ఆయనే తాళంకప్ప జరిపి దాని మీద పెట్టాడు.

"ఇంట్లో ఫ్యాన్లెన్ని?" అనడిగాను.

"ఎందుకు సార్?"