తుప్పు కింద చూసే కన్ను

ఖానాపురం హవేలిలో పాత సైకిలు కావాలంటే పాత ఇనపసామాన్ల కొట్టుకే పోవాలి. తోపుడుబండ్ల మీద వీధివీధీ తిరిగి కొనుక్కొచ్చిన కుప్పలో, కూలర్ డొక్కుల కింద ఎక్కడో ఒక హ్యాండిల్ కనిపిస్తుంది. నాతో వచ్చే మెకానిక్ ముందు రంగు చూడడు. ఫ్రేము గొట్టాలు కలిసే చోట బొటనవేలితో తడుముతాడు. అతుకు పగలకుండా ఉంటేనే హ్యాండిల్ కింది బిళ్ళ తుడుస్తాడు: అట్లాసా, హీరోనా, హెర్క్యులెస్సా?

1949లో మద్రాసులో మొదలైన, హెర్క్యులెస్ తయారుచేసే టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. మన తాతల పాలక్యాన్లు మోసినవి ఇవే. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఆ వార్త చదివాక నాకు అన్నం సహించలేదు.

"బాబాయ్, దీన్ని తూకానికెయ్యకు" అంటాడు మా మెకానిక్ కొట్టాయనతో. అసలు పని ఇంటికి తెచ్చాకే. క్రాంకును పట్టుకున్న కాటర్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిస్తాడు. తెల్లారి చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొడతాడు. తొందరపడితే పిన్ను వంగుతుంది. హబ్బులో గోళీలు మార్చి, గ్రీజు పెట్టి, ఒక్కో పుల్లా బిగిస్తూ బెండు తీస్తాడు. చక్రం ఊగడం ఆగేదాకా వదలడు. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మొన్న బాగుచేసిన హెర్క్యులెస్ మీద ఒకాయన ఇప్పుడు తెల్లారుజామున పాలు పోస్తున్నాడు. బెల్లు పాతదే.