శివారు చేను

తొలకరి తర్వాత ఏటా ఏదో ఒక ఉదయం పేపర్లో ఆ ఫొటో వస్తుంది. ప్రకాశం బ్యారేజీ పక్కన హెడ్ రెగ్యులేటర్ దగ్గర కృష్ణమ్మకు పసుపు కుంకుమలు, పూలు, చీర సమర్పిస్తారు. గేట్లు లేస్తాయి. డెల్టా కాల్వలకు నీరు వదిలారన్నది వార్త. చిన్నప్పుడు ఆ వార్తను తాతయ్యకు చదివి వినిపించేది నేనే. ఆయన మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. "బెజవాడలో వదిలితే మనకేంట్రా? మన బోదెలో పారాక చెప్పు" అనేవాడు.

మా పొలం నాగాయలంక దిగువన ఒక పిల్ల కాల్వ చివర ఉంది. ఆ తర్వాత చౌడు నేల, దాని తర్వాత మడ అడవి, ఆపైన సముద్రం. ఇలాంటి వాటిని మా వైపు శివారు భూములంటారు. బ్యారేజీ దగ్గర బయల్దేరిన నీరు మా దాకా రావాలంటే 70, 80 కిలోమీటర్లు నడవాలి. పెద్ద కాల్వ దిగి, పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా కృష్ణ పాయను దాటి, దివిసీమలోకి వచ్చి, పిల్ల కాల్వలోకి, తూములోకి, చివరికి బోదెలోకి చేరాలి. దారిలో పూడిక ఉంటుంది. గుర్రపుడెక్క, తూటికాడ అడ్డం పడతాయి. పైన ఎవరో తమ తూము జానెడు ఎక్కువ ఎత్తుకుంటారు. ఎక్కడ ఏ లోపం జరిగినా ఆ లెక్కంతా తేలేది శివారు చేనులోనే. నారు పోసుకుని ఆకాశం వైపూ కాల్వ వైపూ మార్చి మార్చి చూసే రైతు అక్కడే ఉంటాడు.

ఆ రోజుల్లో మా కాల్వ గట్టు మీద ఒక లస్కరు సైకిల్‌పై తిరిగేవాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గండి పడితే మట్టి వేయించడం, నీటిమట్టం చూడటం ఆయన పని. ఇరిగేషన్ శాఖలో అదే అన్నిటికన్నా కింది ఉద్యోగం. ఆయన రోజూ ముందు శివారుకు వచ్చి నీళ్లు చూసి, అక్కడి నుంచి పైకి వెళ్తూ తూములు సరిచేసుకునేవాడు. పని ఎలా చేయాలో నాకు మొదట నేర్పింది ఆయనే అనుకుంటాను. పని చివర ఎక్కడుందో ముందు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రావాలి.

కృష్ణ మీద తొలి ఆనకట్ట 1852లో మొదలై 1855కల్లా పూర్తయింది. దాని నీరు డెల్టా మూలమూలలకూ చేరడానికి ఆ తర్వాత దశాబ్దాల తరబడి కాల్వలు తవ్వుతూనే ఉన్నారు. 1952 వరదలో ఆ పాత ఆనకట్ట తెగింది. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఖజానాలో డబ్బు లేని, రాజధానిగా ఒక నగరం కూడా కుదురుకోని ఆ పసి రాష్ట్రం 1954లో బ్యారేజీ పని మొదలుపెట్టింది. 1957లో అది 70 గేట్లతో నిలబడింది. దానికి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు అదే ఏడాది మేలో కన్నుమూశారు. మొదలుపెట్టిన మనిషి వెళ్లిపోయినా పని ఆగలేదు. బెజవాడ వంతెన మీద నడిచినప్పుడల్లా నాకు ముందు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఆగిన పనులు కూడా ఇక్కడే చూశాం. పులిచింతల ప్రాజెక్టుకు 1988లో పునాదిరాయి వేశారు. నీరు నిలిపింది 2013లో. పాతికేళ్లు! డెల్టాకు పులిచింతల ఎందుకంటే, ఎగువ నుంచి నీరు రావడం ఆలస్యమైనా ఊడ్పులు వేళకు మొదలుకావాలని. ఊడ్పులు వెనకబడితే కోతలూ వెనకబడతాయి. అప్పుడు పండిన చేను నవంబరు తుపానుకు ఎదురుగా నిలబడుతుంది. పునాదిరాయి వేసిన నాడు పుట్టిన పిల్లవాడు పాతికేళ్లవాడై పొలం దిగేదాకా ఆ రక్షణ లేదు.

పోలవరం కుడి కాల్వదీ అదే పాఠం. చాలా భాగం తవ్వేశారు. భూసేకరణ తగాదాలతో మధ్యలో కొన్ని ముక్కలు మిగిలాయి. ఆ ముక్కలు మిగిలినన్నాళ్లూ అది ఉత్త గొయ్యే, చుక్క నీరు పారలేదు. 2015లో వాటిని కలిపాకనే పట్టిసీమలో తోడిన గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడింది. ముప్పాతిక వంతు తవ్విన కాల్వలో ముప్పాతిక వంతు నీరు పారదు. సగం పనికి సగం ఫలమైనా వస్తుందన్న ధీమా మనలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. కాల్వ ఆ ధీమాను ఒప్పుకోదు.

పెడనలో కలంకారీ అద్దకం చూసిన రోజు ఈ మాట నాకు ఇంకా లోతుగా తెలిసింది. కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద కొయ్య అచ్చులతో అద్దుతున్నారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన ద్రవంతో వేసిన నల్లగీతలు వెంటనే కనిపిస్తున్నాయి. ఎరుపు రావలసిన చోట మాత్రం పటిక కలిపిన జిగురు అద్దుతున్నారు. చూడటానికి అదొక లేత మరక, అంతే. ఆ గుడ్డను ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, చెక్కా వేరూ వేసిన రాగి గంగాళంలో ఉడికిస్తే అప్పుడు పటిక పడిన చోటల్లా ఎరుపు విచ్చుకుంటుంది. పటిక లేని చోట రంగు నిలవదు. అంటే ఎరుపును అద్దేది ముందే, కనిపించేది ఆఖరున. గంగాళం దాకా వెళ్లని గుడ్డ మీద ఆ అద్దకగాడి పనితనం ఉండీ లేనట్టే. అక్కడ జాడించడానికి వాడేది కాల్వ నీరే. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు శివారుకు రాకపోతే ఆగేది వరి ఒక్కటే కాదు, ఆ ఎరుపు కూడా.

ఆంధ్రులు ఆరంభశూరులని ఒక నింద మన మీద ఎప్పటి నుంచో ఉంది. అది పుట్టుకతో వచ్చిన గుణమంటే నేను ఒప్పుకోను. ఆరంభానికి చుట్టూ జనం ఉంటారు, కొబ్బరికాయ ఉంటుంది, ఫొటో ఉంటుంది. ముగింపు దగ్గర ఎవరూ ఉండరు. శివారు బోదెలో పూడిక తీసేవాడి మెడలో దండ వేసేవాళ్లుండరు. అందుకే చివరి అంగ బరువవుతుంది. విఘ్నాలకు భయపడి అసలు మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు, ఎన్ని అడ్డంకులొచ్చినా వదలనివాళ్లు అని భర్తృహరి మనుషుల్ని మూడు తరగతులు చేశాడు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యంగా బడిలో అందరం దాన్ని బట్టీ పట్టాం. మార్కులు తెచ్చుకున్నాక నేను చాలా ఏళ్లు ఆ మధ్య తరగతిలోనే బతికాను.

దాని ఖరీదు ఎంతో నాన్న పోయాక తెలిసింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆయన దివిసీమలో ఉన్నారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన రాత్రి అది. వేలమంది పోయారు. నాన్న ఆ రాత్రి గురించి ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. డెబ్బై దాటాక ఒక ఆదివారం తనంతట తానే మొదలుపెట్టారు. నేను నోటుబుక్కు తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. అలా ఆరు ఆదివారాలు గడిచాయి. ఏడో వారం ఆఫీసు పని, ఆ తర్వాత ఒక పెళ్లి, ఆ తర్వాత ఇంకేదో అడ్డం వచ్చాయి. "వచ్చే ఆదివారం కూర్చుందాం నాన్నా" అన్నాను. ఆయన సరేనన్నారు. ఆ మాట మరో రెండేళ్లు అంటూనే ఉన్నాను.

నోటుబుక్కులో నా రాత 34వ పేజీలో ఆగింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయి. నాన్న చెల్లెల్ని భుజాన ఎత్తుకుని పెరటి తుమ్మచెట్టు వైపు నడుస్తున్నారు. గేదె పలుపు విప్పడానికి మళ్లీ వెనక్కి తిరిగారు. అక్కడితో ఆగిపోయింది. నాన్న బతికారని తెలుసు, నేనున్నాను కదా. ఆ రాత్రి తెల్లవారేదాకా ఆయన ఏం చూశారో, ఎవరి పేరు పెట్టి పిలిచారో, గేదె ఏమైందో నాకు తెలియదు. నడుము లోతు నీళ్లలో మా నాన్నను నిలబెట్టి నేను కలం మూసేశాను.

పోయిన వేసవిలో ఆ నోటుబుక్కు పట్టుకుని మేనత్త దగ్గరికి వెళ్లాను. ఆ రాత్రి నాన్న భుజం మీద ఉన్నది ఆవిడే. అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. "అన్నయ్య చెప్పినట్టు నేను చెప్పలేన్రా" అంది. "నీకు గుర్తున్నదే చెప్పు అత్తయ్యా" అన్నాను. నాలుగు రోజులు కూర్చున్నాం. 35వ పేజీ పైన 'ఇక్కడి నుంచి అత్తయ్య చెప్పినది' అని రాసి, 52వ పేజీలో తెల్లవారించాను. నాన్న గొంతు దాంట్లో లేదు. ఆ లోటు తీరేది కాదు. అయినా కథ నీళ్లలోంచి గట్టెక్కింది.

తెలుగు భారతం రాస్తూ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా వెళ్లాడు. నడుమ మిగిలిన ముక్కను పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూర్తిచేసి, నన్నయ ఏ రాజుకు ఇచ్చాడో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఒకరు విడిచిన పనిని వాళ్ల మర్యాద చెడకుండా ముగించడం మన సాహిత్యంలో అంత పాత సంగతి.

అన్ని పనులూ ముగించి తీరాలని నేను అనను. కొన్ని వదిలేయాల్సినవే. వదిలేయడానికీ ఒక పద్ధతి ఉంది. మా ఇళ్లలో నోము పట్టినవాళ్లు ఉద్యాపన చేసుకునేదాకా అది తీరినట్టు లెక్క కాదు. తల్లి చేసుకోలేకపోతే కూతురో కోడలో ఆ ఉద్యాపన తీరుస్తుంది. కూచిపూడి ప్రదర్శనైనా, హరికథైనా, భజనైనా చివర మంగళం పాడతారు. చక్కగా ముగిసిందని చెప్పే పాట అది. ఇవాళ మన పేపర్లలో 'మంగళం పాడారు' అంటే మధ్యలో వదిలేశారని అర్థం. మాట తిరగబడిన తీరులోనే మన అలవాటు కనపడుతోంది. చేయలేని పని ఉంటే, చేయలేనని అవతలివాళ్లకు చెప్పి, తీసుకున్నది తిరిగిచ్చి, మంగళాన్ని దాని అసలు అర్థంలో పాడదాం. వేసవిలో కాల్వలు కట్టేసేటప్పుడు తేదీ చెప్పి కట్టేస్తారు. రైతు దాన్ని తప్పుపట్టడు. చెప్పకుండా నీరు ఆగిపోతేనే చేను ఎండుతుంది.

ఇది చదివాక మీరు ఒక్క పని చేయండి. సగంలో ఆగినవన్నీ ఒకేసారి ముందేసుకోవద్దు, ఒక్కటి తీసుకోండి. దాని శివారు చేను ఎవరిదో చూడండి. కుట్టించి ఇస్తానన్న జాకెట్టు కోసం చూసే పక్కింటావిడ కావచ్చు, రాసిస్తానన్న అర్జీ కోసం తిరిగే వృద్ధుడు కావచ్చు, వచ్చే ఆదివారం కోసం కూర్చున్న నాన్న కావచ్చు. అక్కడికి నీరు చేరేదాకా ఆగకండి. నాన్నలున్నవాళ్లు ముందు ఆ పనే చూడండి.

ఈ ఏడు బ్యారేజీ దగ్గర గేట్లెత్తిన ఫొటో పేపర్లో చూసి పక్కన పెట్టాను. పదహారు రోజుల తర్వాత మా కౌలు రైతు ఫోన్ చేశాడు. "బోదెలో నీళ్లు పారుతున్నాయండీ" అన్నాడు.