ముందుమాట: ఎండతో పనిచేసే మందు

పండు ఈగ చేసే నష్టం మన మామిడి రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2014లో ఐరోపా సమాఖ్య మన మామిడిని రానివ్వకపోవడానికి కారణం ఆ ఈగే. తొక్క కింద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గుజ్జులో పెరుగుతుంది. పైన కొట్టిన మందు దానికి తగలదు. కాబట్టి గుడ్డు పెట్టకముందే ఈగను పట్టాలి. ఆ పనికి ఎండనే వాడుకున్న శాస్త్రవేత్తల కృషిని నా శిష్యురాలు తొలి పుస్తకంగా రాసినందుకు ఎంతో సంతోషిస్తున్నాను.

ఈ కృషికి మూలం పాతదే. మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, అక్రిడిన్ రంగు కలిపిన నీటిలో పారమీసియంలు అనే ఏకకణ జీవులు వెలుగు పడితే త్వరగా చస్తున్నాయని గమనించి 1900లో ప్రకటించాడు. ఆ సూత్రాన్ని పురుగుల మీదికి తెచ్చినవారిలో మిసిసిపీకి చెందిన జేమ్స్ హైట్జ్ ముఖ్యుడు. 1990లలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు, ఔషధాల్లోనూ సౌందర్య సాధనాల్లోనూ వాడే ఫ్లాక్సిన్ బి అనే ఎర్ర రంగును ఎరలో కలిపి టెక్సస్‌లో, హవాయిలో పరీక్షించారు.

ఈ ఎర పనిచేసే తీరును రచయిత్రి చక్కగా విప్పి చెప్పింది. గుడ్లు కట్టడానికి ప్రొటీన్ కావాలి గనక ఆడ ఈగ ప్రొటీన్ ఉన్న ఈ ఎరకు వస్తుంది. మన తోటల్లో ఈగలను పట్టడానికి పెట్టే మిథైల్ యూజినాల్ బుట్టలకైతే వచ్చేవి మగ ఈగలే. ఎరతో పాటు తిన్న రంగు మీద, ఈగ ఒంటి గుండా దూరిన వెలుగు పడుతుంది. రంగు ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా చురుకెక్కిన ఆక్సిజన్ కణాల పొరలను దెబ్బతీసి ఈగను చంపుతుంది.

1981లో కాలిఫోర్నియాలో పండు ఈగను చంపడానికి ఇళ్లమీదుగా హెలికాప్టర్లతో మలాథియాన్ అనే పురుగుమందు కలిపిన ఎర చల్లినప్పుడు జనం ఎంత కలవరపడ్డారో చెప్పే అధ్యాయం నాకు బాగా నచ్చింది. భయం లేని మందు కోసం వెతుకులాట ఎందుకు అవసరమైందో అక్కడ తెలుస్తుంది.

మరొక గుణం ఆమె నిజాయితీ. చంపడానికి తోడ్పడే ఎండే ఆ రంగును చెరిపేస్తుందనీ, వాన కడిగేస్తుందనీ, మబ్బు రోజుల్లో పట్టు తగ్గుతుందనీ, తర్వాత స్పినోసాడ్ అనే మరో మందు కలిపిన ఎర ముందుకొచ్చిందనీ దాచకుండా రాసింది. ఎండలో చెరిగిపోవడం వల్లే ఆ రంగు తోటలో ఎక్కువకాలం నిలవదని కూడా గుర్తుచేసింది.

తెలుగులో ఇలాంటి శాస్త్రం ఇంత సులువుగా దొరకడం అరుదు. వ్యవసాయ విద్యార్థులూ, విస్తరణాధికారులూ, తోటల రైతులూ ఈ పుస్తకాన్ని తప్పక చదవాలి. రచయిత్రికి నా నిండు ఆశీస్సులు.