ఓడ దిగే విద్య

క్రూయిజ్‌కి వెళ్లొచ్చామనగానే అందరూ ముందు అడిగేది తిండి గురించే. ఓడలో పప్పన్నం దొరుకుతుందా, కడుపులో తిప్పుతుందా అని. అవన్నీ ఎలాగోలా సర్దుకుపోతాయి. హెడ్ వెయిటర్‌కి ముందురోజు రాత్రి చెప్పిపెడితే మర్నాడు పప్పూ చపాతీ బల్ల మీదకొస్తాయి. అసలు విద్యంతా ఓడ దిగడంలో ఉంది. పొద్దున రేవు చేరి సాయంత్రానికల్లా కదిలిపోయే ఓడ నుంచి దిగి, ఆ కాస్త వ్యవధిలో ఏం చూడాలో, ముఖ్యంగా ఏం వదిలెయ్యాలో తేల్చుకోవడం.

జనవరిలో న్యూజెర్సీలో అమ్మాయి ఇంట్లో ఉన్నాం. "కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోడానికా ఇంత దూరం వచ్చింది?" అని మా ఆయన గొణుగుతుంటే అల్లుడు ఫ్లోరిడాలో బయల్దేరే ఓడకి టిక్కెట్లు తీశాడు. గ్రాండ్ కేమన్, కొలంబియాలో కార్తహేనా, పనామా కాలువ, కోస్టారికాలో లిమోన్. ఎక్కిన రాత్రే షోర్ ఎక్స్‌కర్షన్ల జాబితా ముందేసుకున్నాం. ఆయనకి కోటలు, రమ్ము బట్టీలు, బీచీలు అన్నీ కావాలి. నాకు రేవుకి ఒక్కటి చాలు, అదీ జంతువులున్నది. ఓడవాళ్ల ద్వారా వెళ్తే ఖర్చెక్కువ, కానీ వాళ్ల బస్సు ఆలస్యమైనా ఓడ కనిపెట్టుకుని ఉంటుంది. బయట టాక్సీ మాట్లాడుకుంటే చవక, ఆలస్యమైతే మన ఖర్మ. రేవు మీద రొప్పుకుంటూ పరిగెత్తే ఆలస్యపు జంటలని చూసి చప్పట్లు కొట్టడానికి జనం పై డెక్కుల మీద చేరతారు. ఇదో వినోదం వాళ్లకి.

గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఆనుకునే రేవు లేదు. సముద్రంలోనే లంగరు వేసి టెండర్ పడవల్లో ఒడ్డుకి దింపుతారు. అక్కడి నుంచి ఇంకో పడవలో నార్త్ సౌండ్ మధ్యనున్న ఇసుక దిబ్బకి. నడుంలోతు నీళ్లు, అద్దంలా అడుగు కనబడుతుంది. వెడల్పాటి నల్లటి నీడలు మన కాళ్ల వైపే వస్తాయి. అవే స్టింగ్‌రేలు. తోకలో విషపు ముల్లుంటుంది కాబట్టి పాదం ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవమంటారు. చేప మీద పాదం పడకుండా, అలికిడికి అదే తప్పుకునేలా. పొట్ట కింద చెయ్యి పెడితే రుబ్బిన మినప్పిండిలో పెట్టినట్టుంది. పడవవాళ్లు స్క్విడ్ ముక్కలు చేతికిస్తారు. నోరు పొట్టవైపు ఉంటుంది కాబట్టి చేప మన చేతి మీదకెక్కి, సర్రున పీల్చేసుకుని పోతుంది. ముద్దు పెట్టుకుంటే ఏడేళ్లు అదృష్టమని గైడ్ అన్నాడు. మా ఆయన పెట్టారు కూడా.

నాకూ సరదాగానే ఉంది, ఎందుకబద్ధం. కానీ ఆ చేపల కథ వేరే. పూర్వం జాలర్లు అలలు లేని ఆ చోటికొచ్చి చేపలు బాగుచేసుకుని వ్యర్థాలు నీళ్లలో పారేసేవాళ్లు. ఆ తిండికి ఇవి అలవాటు పడ్డాయి, తర్వాత పర్యాటకులొచ్చారు. ఈ జాతి మామూలుగా ఒంటరిది, రాత్రిళ్లు ఇసుక తవ్వుకుని తినేది. 2013లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఈ దిబ్బ దగ్గరవి మాత్రం పగలు తిరిగి రాత్రి పడుకుంటున్నాయి, గుంపుగా ఉంటున్నాయి. ఓడల టైంటేబుల్ వాటికి వంటబట్టిందన్నమాట. వాటిని అడవి జంతువులనాలో, మన బఫేలో ఇంకో క్యూ అనాలో తెలియలేదు.

కార్తహేనాలో రేవు ఆవరణలోనే పక్షుల తోట ఉంది. గేటు దాటకుండానే ఫ్లెమింగోలు, మకావ్ చిలకలు కనబడతాయి. నెల్లూరువాళ్లం, ఏటా చలికాలంలో పులికాట్‌లో దిగే ఫ్లెమింగోలని రోడ్డు మీద నిలబడి చూసినవాళ్లం. అక్కడవి దూరాన గులాబి చారలా కనబడితేనే మహాభాగ్యం. ఇక్కడ ఫోన్‌కి అందేంత దగ్గరగా నిలబడ్డాయి. తొందరగానే ఓడెక్కేశాం.

పనామా కాలువలో ఓడ దిగలేదు. గాటూన్ దగ్గర మూడు లాకులెక్కి ఓడ సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తునున్న సరస్సులోకి చేరింది. చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి నింపిన సరస్సది. ఒక్క ఓడ దాటడానికి దాదాపు 19 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రం పాలవుతాయని స్పీకర్లో చెబుతుంటే మా ఆయన లెక్కలు మొదలెట్టారు. నీళ్లు నిండినప్పుడు అడవి కొండ ఒకటి బారో కొలరాడో దీవిగా మిగిలింది. 1923 నుంచి అది రక్షిత ప్రాంతం, ఇప్పుడు స్మిత్సోనియన్ శాస్త్రవేత్తలు అక్కడ పనిచేస్తారు. ఆ పచ్చదనంలో ఏముందో డెక్ మీద నుంచి కనబడదు.

లిమోన్‌లో మాత్రం సమయం సంగతి జాగ్రత్త. కోస్టారికా గడియారం గంట వెనక నడుస్తుంది, మా ఓడ తన గడియారం మార్చుకోలేదు. ఒడ్డెక్కగానే ఫోన్ తనంతట తనే స్థానిక సమయానికి మారిపోతుంది. దాన్ని నమ్ముకుంటే ఓడ వెళ్లిపోయాక గంటకి రేవు చేరతాం. చేతికి పాత వాచీ పెట్టుకోవడం మంచిది.

అక్కడ టోర్టుగేరో కాలువల్లో పడవ ప్రయాణం. సన్నగా వాన. కరీబియన్ వైపు జనవరిలోనూ వానలే. గైడ్ ఇంజను ఆపి సెక్రోపియా చెట్టు కొమ్మ వైపు చూపించాడు. నాకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. "ఏదే? ఎక్కడే?" అని మా ఆయన నా భుజం పొడుస్తున్నారు. ఆయన కళ్లకైతే చివరిదాకా అది చెట్టు బొడిపే. గైడ్ లేజర్ దీపంతో పక్క కొమ్మ మీద చుక్క పెట్టి, "ఆ చుక్క నుంచి జానెడు కుడికి" అన్నాక దొరికింది. తడిసిన బూడిదరంగు ముద్ద, అందులోంచి మూడు గోళ్లు. ఒంటి మీద ఆకుపచ్చ ఛాయ నాచుది, వెంట్రుకల్లోనే పెరుగుతుంది. మూడువేళ్ల స్లాత్ అది. వారానికి ఒకసారి, మలవిసర్జనకే చెట్టు దిగుతుంది. తిన్న ఆకు అరగడానికి రోజులు పడుతుంది. మెడలో మామూలు జంతువులకన్నా ఎముకలెక్కువ, అందుకే ఒళ్లు కదల్చకుండానే తల దాదాపు వెనక్కి తిప్పగలదు. మా వైపు తిప్పింది కూడా, కానీ అంత నెమ్మదిగా తిప్పిందంటే తిప్పిందని తెలిసేసరికి తిప్పేసింది.

"ఇంకేం చెయ్యదాండీ?" అని వెనక వరసలో ఎవరో తెలుగులోనే అడిగారు. హైదరాబాద్ జంటట. ఏమీ చెయ్యలేదు. అయినా కోస్టారికా 2021లో స్లాత్‌ని జాతీయ చిహ్నంగా ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందే అడవి జంతువుల్ని ఎత్తుకుని సెల్ఫీలు దిగొద్దని ప్రచారం మొదలెట్టింది. కొన్ని రేవుల్లో డాలరుకి ఇగ్వానా భుజమ్మీద పెట్టేవాళ్లుంటారు. వాళ్ల ముందు ఆగకుండా నడిచిపోవడం కూడా ఈ దిగే విద్యలో భాగమే.

మా ఆయన ఇప్పుడు అలాస్కా అంటున్నారు. జూనోలో తిమింగలం కనబడకపోతే కొంత డబ్బు వాపసిచ్చే పడవలున్నాయట. "చూశావా, గ్యారంటీ!" అంటారు. గ్యారంటీ ఇవ్వని పడవ ఏదైనా ఉందేమో చూడమన్నాను. డబ్బులు దండగంటారు. ఇంకా తేలలేదు.